నోట్లో నాలుక లేని కుక్క

నాలుగో గదికి వచ్చేసరికి బకెట్ బాబాయ్ ఎప్పటిలాగే తనను తాను తిట్టుకున్నాడు. నీళ్లు వెనక మూలకు చేరి మడుగు కట్టాయి. చీపురుతో ఎంత తోసినా మళ్లీ అక్కడికే వస్తాయి. ఇరవై రెండేళ్ల క్రితం ఈ కుక్కల ఆశ్రయం కడుతున్నప్పుడు తాపీమేస్త్రీ కింద పనికొచ్చి, ఈ గచ్చు వేసింది ఆయనే. పదకొండు గదులకు వాలు కాలువవైపు చక్కగా కుదిరింది, ఈ ఒక్కదానికి మాత్రం ఎదురు తిరిగింది. పని అయిపోయాక మేస్త్రీ వెళ్లిపోయాడు, ఈయన ఉండిపోయాడు. గదులు కడగడానికి మనిషి కావాలంటే, ఓ నెల చేసి చూద్దామనుకున్నాడు. ఆ నెల ఇంకా పూర్తికాలేదు.

హాజరు పట్టీలో ఆయనకు వేరే పేరుంది. కానీ డాక్టరు దగ్గర్నుంచి గేటు కాపలాదారు దాకా అందరికీ బకెట్ బాబాయే. పొట్టి మనిషి. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, ఫినాయిలుకు తోలు ఊడిన వేళ్లు, బకెట్ బరువుకు ఒక రవ్వ కిందికి జారిన ఎడమ భుజం. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, అదేదో సెలవు రోజుకు వాయిదా వేసిన పనైనట్టు, "తీరిక దొరకలేదు" అంటాడు. అక్కా బావలతో అద్దె వాటాలో ఉంటాడు. ఆ ఇంటి యజమానికి పిల్లి గోడ దిగినా ఒళ్లు మండుతుంది. లేకపోతే నాలుగో గది కుక్క ఎప్పుడో ఆయన మంచం కింద ఉండేది.

గోధుమరంగుది. ఐదేళ్లుంటాయి. ఒక చెవి నిక్కబొడుచుకుంటే రెండోది వాలిపోయి ఉంటుంది. ఆయన ఎటు జరిగితే అటు జరుగుతూ బూట్లకు ఒరుసుకునే తిరుగుతుంది. దాని మొహం చూసినప్పుడల్లా ఆయనకు గుండెలో కలుక్కుమంటుంది.

కిందటేడు ఓ కొత్త జంట దాన్ని చూసి ముచ్చటపడి, ఎలాంటిదని అడిగారు. "దీనికి నోట్లో నాలుక లేదమ్మా" అన్నాడు. పచ్చి అబద్ధం. తను సెలవు పెట్టిన రోజున అది పొద్దస్తమానం ఏడుస్తుందని కాపలాదారు ఎన్నిసార్లు చెప్పాడో! ఎలాగోలా దానికో ఇల్లు దొరికితే చాలనుకున్నాడు. ఆ మొగుడూ పెళ్లాలిద్దరూ ఉద్యోగస్తులు. కుక్క ఏడుపుకి ఇరుగూ పొరుగూ వాళ్ల మీద విరుచుకుపడితే నాలుగో రోజుకే తెచ్చి దింపేశారు. రెండో ఇంటివాళ్లకూ నిజం చెప్పడానికి నోరు రాలేదు. సగం తలుపు కొరికేసి, ఇరవయ్యో రోజున తిరిగొచ్చింది. వచ్చిన రెండుసార్లూ వారం పాటు ముద్ద ముట్టలేదు. తప్పు దానిది కాదు, తనది. ఈ మాట ఆయన ఎవరి దగ్గరా అనలేదు, అక్క దగ్గర కూడా.

మూడోసారి కూడా తిరిగొచ్చిన కుక్కను ఇక ఎవరికీ చూపించరు. వెనక షెడ్డులో ఉంచి బతికినన్నాళ్లూ తిండి పెడతారు. తిండికి లోటుండదు, కానీ ఆ వైపు మనిషన్నవాడు రాడు. గోధుమరంగు కుక్కకు ఇక మిగిలింది ఒక్క అవకాశమే.

ఆ రెండో రాకడ తర్వాత బాబాయ్ పూర్తిగా మారిపోయాడు. వచ్చినవాళ్లందరినీ నిలదీయడం మొదలుపెట్టాడు. మొన్నటికి మొన్న కూతురికి పుట్టినరోజు కానుకగా కుక్కపిల్ల కావాలని వచ్చినాయన్ని, "పాప పైచదువులకు వెళ్తే దీన్నెవరు చూస్తారు బాబూ?" అని అడిగాడు. ఆయన కుక్కనూ తీసుకోలేదు, ఇచ్చిన టీ కూడా తాగలేదు.

అందుకే ఇవాళ పొద్దున్నే మేనేజరు మేడమ్ ఆయన్ని పిలిచి చెప్పింది. "బాబాయ్, నీకు దండం పెడతాను. జనం వచ్చే రోజు, నోరు మెదపకు. పన్నెండు గదులూ నిండిపోయాయి, ఇంకో మూడు గేటు దగ్గర కట్టేసి ఉన్నాయి. గది కమ్మీలకు తగిలించిన కార్డు మీద రాసింది వాళ్లే చదువుకుంటారు."

నాలుగో గది కార్డు మీద 'ఐదేళ్లు, టీకాలు పూర్తి, స్నేహశీలి' అని ఉంది. ఆ మాట నిజమే. ఆ స్నేహం ఎక్కువైపోవడమే దాని జబ్బు.

పదకొండింటికి ఒక దర్జీ ఆవిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. భుజాల నిండా దారప్పోగులు అంటుకుని ఉన్నాయి. కుక్కపిల్లల గది దగ్గర నిమిషం కూడా ఆగలేదు. "ఇవి ముసలయ్యేదాకా నేనుంటానో లేదో, వద్దు తల్లీ" అనుకుంటూ వచ్చి నాలుగో గది ముందు నిలబడింది. కుక్క లేచి వచ్చి, కమ్మీల సందులోంచి ఆమె చేతిని నాకింది.

"చూస్తే బంగారంలా ఉంది. దీన్నింకా ఎవరూ తీసుకుపోలేదేం అన్నయ్యా?"

బాబాయ్ ఆఫీసు గదివైపు చూశాడు. అద్దంలోంచి మేడమ్ ఇటే చూస్తోంది. ఒక్క ముక్క మాట్లాడకపోతే కుక్క ఇవాళే వెళ్తుంది. ఇదివరకు కూడా అలాగే వెళ్లింది. ఆయన బకెట్ కింద పెట్టాడు.

"రెండుసార్లు తీసుకెళ్లారమ్మా, రెండుసార్లూ తెచ్చిచ్చేశారు. ఒంటరిగా వదిలితే ఏడుస్తుంది. అలాంటిలాంటి ఏడుపు కాదు, వీధంతా లేచొస్తుంది. తలుపులు కొరుకుతుంది. నాకు తెలిసీ వాళ్లకి చెప్పలేదు. ఆ తప్పు నాది."

అద్దం వెనక మేడమ్ తల పట్టుకుంది.

దర్జీ ఆవిడ కమ్మీల సందులోంచి కుక్క తల నిమిరింది. "నా మిషను ఇంట్లోనే. పొద్దున కూర్చుంటే ఐదింటిదాకా లేవను. కుట్టిన బట్టలివ్వడానికి రోజూ సాయంత్రం నాలుగు వీధులు తిరుగుతాను, దీన్నీ తిప్పొచ్చు."

ఆశ పుట్టినా బాబాయ్ ఊరుకోలేకపోయాడు. "ఎప్పుడైనా తప్పనిసరై వెళ్లాల్సొస్తే?"

"పక్క వాటాలో మా చెల్లెలుంటుంది."

"అయినా అలవాటు చెయ్యాలమ్మా. తలుపేసి రెండు నిమిషాల్లో వచ్చెయ్యండి. నాలుగు రోజులాగి ఐదు నిమిషాలు. అలా పెంచుకుంటూ పోవాలి. నెలలు పడుతుంది. ఓపిక కావాలి."

"ఓపిక నాకు కుట్టు దగ్గరే ఉంది అన్నయ్యా. కోపమొస్తే ఇల్లు పీకి పందిరేస్తాను. నిద్రలో గురక కూడా. దాని సంగతులు నాకు చెప్పారుగా, నావి కూడా దానికి చెప్పండి మరి."

ఆవిడ నవ్వుతోందనుకున్నాడు. నవ్వడం లేదు. బాబాయ్ తడి గచ్చు మీదే గొంతుక్కూర్చుని, కుక్క చెవి పైకెత్తి చెప్పాడు. "విన్నావా? ఈ అమ్మకి కోపం ఎక్కువట, గురక పెడుతుందట. తర్వాత నాకు చెప్పలేదనకు." కుక్క ఆయన గడ్డం నాకింది.

కాగితాలు అయ్యేసరికి రెండయింది. పెంచలేకపోతే రోడ్డు మీద వదలనని, ఇక్కడికే తెస్తానని ఆవిడ రాసిచ్చింది. మెడపట్టీ వదులుగా ఉందని, కొత్తది కుట్టడానికి గది తలుపు దగ్గరే సంచిలోంచి కొలత టేపు తీసి కుక్క మెడ కొలిచింది. మేడమ్ బాబాయ్ దగ్గరికొచ్చి, "చెప్పిన మాట విన్నావు కాదు," అంది. నాలుగో గది కార్డు వెనక్కి తిప్పి, "రేపట్నుంచి ఒక్కోదాని లోపాలు కూడా చెప్పు, కార్డు వెనక రాద్దాం."

కుక్క గేటు దాటుతున్నప్పుడు బాబాయ్ కుళాయి గోడ వెనక నిలబడ్డాడు. తను కనిపిస్తే అది కదలదు. ఆయనకు సంతోషంగానే ఉంది. అయినా ఏడ్చాడు.

సాయంత్రం నాలుగో గదిని కొత్తదాని కోసం కడుగుతుంటే మేడమ్ కేకేసింది. "బాబాయ్, ఫోను! పొద్దున వచ్చినావిడ."

తడి చేతులతోనే అందుకున్నాడు.

"అన్నయ్యా, నా టేపు గానీ అక్కడ మర్చిపోయానా?"

"ఏడుస్తోందా?" అన్నాడాయన.

"ఎక్కడ ఏడుపు! పెడలు మీద తల పెట్టి పడుకుంది. తొక్కనిస్తేగా! ఇవాళ్టికి కుట్టు బందు."

బాబాయ్ గదికి తిరిగొచ్చి వెతికాడు. తలుపు గడియకు పసుపురంగు టేపు వేలాడుతోంది, కుక్క మెడ కొలతకు గుర్తుగా పదిహేనున్నర అంగుళాల దగ్గర గుండుసూది గుచ్చి ఉంది.