కాలువ గట్టు మీద ఆదివారం

అబద్ధమాడటం ఆమెకు చేతకాదని ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే ఆ గురువారం ఫోనులో, "ఈ ఆదివారం దుకాణంలో సరుకు లెక్క చూస్తారట వదినా, నేను లేకపోతే కుదరదంటున్నారు. అత్తయ్య దగ్గరికి నువ్వు రాగలవా?" అని అడిగితే ఆడపడుచు మారుమాట లేకుండా నమ్మేసింది.

ఆమెది కళ్లజోళ్ల దుకాణంలో ఉద్యోగం. ముందు గదిలో కొనేవాళ్లు అద్దంలో మొహాలు చూసుకుంటూ ఉంటే, వెనక గదిలో కూర్చుని కళ్లద్దాల అంచులు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె పని. ఆ గదికి కిటికీ లేదు. పనయ్యాక ఇల్లు. ఇంట్లో అత్తగారు. భర్త దూరాలకు లారీ తోలతాడు, నెలలో పట్టుమని పదిరోజులు ఇంటిపట్టున ఉండడు. అత్తగారికి కొన్నేళ్లుగా మతిమరుపు జబ్బు. మొదట్లో తాళాలు, స్టవ్వు మరిచిపోయేది. తర్వాత మనుషుల్ని మరిచిపోవడం మొదలైంది. కోడల్ని ఒకరోజు నర్సనుకుంటుంది, ఇంకోరోజు అద్దెకున్నామె అనుకుంటుంది. పగలు కనిపెట్టుకుని ఉండటానికి ఒక ఆయా వస్తుంది గానీ ఆదివారం రాదు. ఆ రోజంతా అత్తగారి వెనకాలే గది నుంచి గదికి తిరగడంతో సరిపోతుంది.

దుకాణంలో క్యాషియరు పిల్ల సెలవురోజున సైకిలేసుకుని పల్లెల వెంట తిరిగొస్తుంటుంది. "ఒక్కసారి రా అక్కా. మా తమ్ముడి సైకిలు ఖాళీగానే పడి ఉంది. పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేద్దాం" అని చెవిలో జోరీగలా పోరుతోంది. "ఇంట్లో పెద్దావిణ్ణి వదిలేసి సైకిలు షికారా!" అని ఆమె ప్రతిసారీ కొట్టిపారేసేది. ఆ వారం ఎందుకో సరేననేసింది. నిజం చెప్పి అడిగినా ఆడపడుచు కాదనేది కాదేమో. కానీ ఊరికే తిరిగొస్తానని అడగడానికి ఆమెకు నోరు రాలేదు. పని అంటే ఎవరూ ఏమీ అనరు కదా.

ఆదివారం పొద్దున్నే ఆడపడుచు వచ్చేసింది. సంచీ బల్లమీద పెడుతూ, "ఇవాళ మా బడి స్నేహితురాళ్లం అందరం కలవాలనుకున్నాం. ఎన్నేళ్లయిందో ఒకళ్ల మొహాలొకళ్లం చూసుకుని. మానేశాలే" అంది మామూలుగా.

ఆమె తలుపు దగ్గరే ఆగిపోయింది. "అయ్యో, ముందే చెప్పకపోయావా వదినా!"

"చెప్తే ఏం చేస్తావు? దుకాణం పని నీ చేతిలో ఉందా ఏమన్నా? పద పద, ఆలస్యమవుతుంది."

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నంతసేపూ నిజం నాలుక చివరే ఉంది. అయినా బయటికి రాలేదు. ఆమె మెట్లు దిగి వీధి మలుపు తిరిగింది. అక్కడ క్యాషియరు పిల్ల రెండు సైకిళ్లు పట్టుకుని ఇకిలిస్తూ నిలబడి ఉంది.

బడికెళ్లే రోజుల తర్వాత సైకిలెక్కడం మళ్లీ అదే. కాసేపు హ్యాండిలు పాములా మెలికలు తిరిగింది. మిల్లుగోడ దాటేసరికి కాళ్లకు పాత సంగతి గుర్తొచ్చింది. ఇళ్లు పలచబడ్డాయి. పొద్దుతిరుగుడు చేలు మొదలయ్యాయి. గొర్రెల మంద దారికడ్డం పడితే ఇద్దరూ ఒంటికాలి మీద ఆగి, ఆఖరి గొర్రె దాటిందాకా చూస్తూ నిలబడ్డారు. గుట్ట ఎక్కలేక సైకిళ్లు నెట్టుకుంటూ పోయారు. అవతలివైపు దిగేటప్పుడు మాత్రం ఆమె బ్రేకు పట్టుకోలేదు. గాలి చెవుల్లో హోరెత్తుతుంటే చిన్నపిల్లలా కేకపెట్టింది. ఆ గొంతు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది.

గుట్ట దిగి చదునుకొచ్చాక, ఇప్పుడు వదిన స్నేహితురాళ్లంతా ఒకచోట చేరి ఉంటారని తట్టింది. అంతే, నవ్వు మొహం మీదే ఆగిపోయింది.

"ఏంటక్కా, అలసిపోయావా?"

"లేదు, పద."

మధ్యాహ్నం కాలువ గట్టు మీద కూర్చుని రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు విప్పారు. నీళ్లలో బాతులు ఒకటే గోల. అప్పుడు ఫోను మోగింది. ఆడపడుచు.

ఎత్తితే బాతుల అరుపు వినపడుతుంది. వెనక గదిలో బాతులెక్కడివంటే ఏం చెప్పాలి? ఆమె ఫోను వంక చూస్తూ కూర్చుంది. అది మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది.

"ఎత్తక్కా, ఏం అవసరమో ఏమో" అంది క్యాషియరు పిల్ల, నములుతున్నది ఆపేసి.

ఆమె ఎత్తలేదు. రెండోసారీ ఆగాక, "పనిలో ఉన్నాను. అత్తయ్యకు బాగానే ఉందా?" అని సందేశం పంపింది. "బాగుంది. సాయంత్రం చెప్తాలే" అని జవాబొచ్చింది. ప్రాణం కుదుటపడింది. మిగిలిన రొట్టె మాత్రం తుంచి బాతులకు వేసేసింది. వెనక్కి తిరుగుదామా అనుకుంది. క్యాషియరు పిల్ల, "ఆ వంతెన దాటితే భలే తోటలుంటాయక్కా" అంటే ఆ వంతెనా దాటింది.

ఇంకా వెలుతురుండగానే ఇల్లు చేరింది. తలుపు తీసిన ఆడపడుచు మొహం వెలిగిపోతోంది.

"రావే మరదలా, రా! ఇవాళ ఏం జరిగిందో తెలుసా? అమ్మకి తెలివొచ్చింది! నన్ను పేరు పెట్టి పిలిచింది. నాన్న సంగతి అడిగింది. 'అమ్మాయేదీ, నా కోడలు' అంది. దుకాణానికెళ్లిందమ్మా అంటే, 'ఆదివారం కూడానా? ఒళ్లు హూనం చేసుకుంటోంది పిచ్చిపిల్ల. ఒకసారి ఫోన్ కలుపు, నేను మాట్లాడతా' అంది. అందుకే చేశా. నువ్వేమో పనిలో ఉన్నావాయె. కాసేపటికి మళ్లీ మామూలే..."

ఆడపడుచు మాట మధ్యలో ఆగింది. మరదలి మొహం కేసి చూసింది. ముక్కు, చెంపలు కంది ఎర్రబడ్డాయి. మోచేతి దాకా ఎండకు కమిలి, గడియారం ఉన్నచోట మాత్రం తెల్లటి పట్టీ మిగిలింది.

"ఇంత ఎండ ఎక్కడ తగిలింది నీకు?"

ఇంకో అబద్ధం వెతుక్కునే ఓపిక లేదామెకు. "సైకిలు మీద ఊళ్లు తిరగడానికెళ్లా వదినా. సరుకు లెక్క ఏమీ లేదు."

"నేను ఫోన్ చేసినప్పుడు?"

"కాలువ గట్టు మీద ఉన్నా."

"చూసి కూడా ఎత్తలేదా?"

ఆమె తల వంచుకుంది. అరుస్తుందేమో, అరిస్తే బాగుండు అనుకుంది. ఆడపడుచు అరవలేదు. సంచీ తీసుకుని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"తిరిగొస్తా వదినా అంటే వద్దనేదాన్నా? ఒక్క పూట తిరిగితే ఏం పోయింది? నన్ను మానిపించావు, పోనీ. అమ్మ గొంతెత్తి పిలిస్తే నువ్వు లేవు. అదే నాకు..." మాట పూర్తిచెయ్యకుండానే వెళ్లిపోయింది.

ఆ వారమంతా ఆడపడుచు దగ్గర్నుంచి ఫోను రాలేదు. చేద్దామంటే ఆమెకు మొహం చెల్లలేదు. అత్తగారి ఎదుట కూర్చుని, "అత్తయ్యా, నేనెవర్ని?" అని పదేపదే అడిగింది. అత్తగారు ఒకసారి నర్సువి అంది. ఇంకోసారి విసుక్కుని, "నీకే తెలియకపోతే నాకెలా తెలుస్తుందమ్మా?" అంది. ఆ జవాబుకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. దుకాణంలో అద్దాలు రెండు చేజారి పగిలాయి. క్యాషియరు పిల్ల సైకిలు మాటెత్తితే ఆమె వినపడనట్టు ఊరుకుంది.

మళ్లీ ఆదివారం వచ్చింది. పొద్దువాలుతుండగా తలుపు చప్పుడైతే తీసింది. ఆడపడుచు! మొహం ఇంకా ముడుచుకునే ఉంది. "నిన్ను చూడ్డానికి రాలేదు, అమ్మకోసం వచ్చా" అంటూ తిన్నగా వంటింట్లోకి వెళ్లి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. సాయం చెయ్యబోతే, "నువ్వెళ్లి అమ్మ దగ్గర కూర్చో" అంది.

ఆమె వెళ్లి అత్తగారి మంచం పక్కన కూర్చుంది. కొత్తగా మాట్లాడుకునేదేముంది? ఎందుకో ఆ రోజు సంగతే ఎత్తుకుంది. ఒక అమ్మాయి అబద్ధం చెప్పి సైకిలెక్కి పోయిందని, గుట్ట మీంచి కేకలేస్తూ దిగిందని, కాలువలో బాతులు అరుస్తుంటే పెద్దావిడ మాట్లాడాలని ఫోను చేయిస్తే ఎత్తలేదని, ఏదీ దాచకుండా చెప్పింది. అత్తగారు కళ్లార్పకుండా వింది.

"ఆ అమ్మాయి ఇంటికొచ్చిందా?" అని అడిగింది.

"వచ్చింది అత్తయ్యా."

"చీకటి పడకముందేనా?"

"ఆ, ముందే."

"బాగా అరిచిందా గుట్ట మీద?"

"గొంతు పోయేలా అరిచింది."

అత్తగారు బోసినోటితో నవ్వింది. "మరి దానికేమన్నా పెట్టారా? అంతదూరం తొక్కొస్తే ఆకలేయదూ!"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఎప్పుడాగిపోయిందో ఆమె గమనించలేదు. ఆడపడుచు గుమ్మంలో తడిచేతులతో నిలబడి ఉంది.

"ఇంకా పెట్టలేదమ్మా" అంది ఆడపడుచు. చేతులు తుడుచుకుని లోపలికి పోయి, పళ్లెంలో వడ్డించి తెచ్చి మరదలి ఒళ్లో పెట్టింది. తినమని అనలేదు. తినేదాకా అక్కడే నిలబడింది.