మేలిచాప కింద మేనత్త

మా ఊళ్ళో ఎవరి నడుము పట్టేసినా, ఎవరి మడమ బెణికినా నా గడప తొక్కాల్సిందే. అమ్మమ్మ నుంచి అమ్మకూ, అమ్మ నుంచి నాకూ వచ్చిన విద్య ఇది. ఈ ఎపెనేసా చెయ్యి పడితే నొప్పి పారిపోతుందని పక్క ఊళ్ళవాళ్ళు కూడా బస్సెక్కి వచ్చేవారు. నేనూ కాదనలేదు, పొగడ్త ఎవరికి చేదు? అంత పొగరున్న ఈ చేతులతోనే నా మేనకోడలిని మూడు నెలలు ఏడిపించాను. ఎవరో చాటుగా చెప్పుకునే బదులు నేనే చెబుతున్నాను.

ఫువాటినో మా తమ్ముడి కూతురు. పదిహేడేళ్ళది. ఆరుగురు తెడ్లు వేసే పందెం పడవలో అందరికంటే ముందు కూర్చునేది ఇదే. దీని తెడ్డు నీళ్ళను తాకినప్పుడే వెనక ఐదు తెడ్లూ తాకాలి. అక్టోబరులో దీవులన్నీ కలిసి జరుపుకునే పోటీలకు మా జట్టు వెళ్ళాలి. మార్చిలో దాని కుడిచేతి చిటికెనవేలికీ ఉంగరపువేలికీ తిమ్మిర్లు మొదలయ్యాయి. ఏప్రిల్‌కల్లా భుజం నుంచి మోచేతిదాకా మంట. మే నెలలో ఒక ఉదయం కోకో కప్పు దాని చేతిలోంచి జారి పగిలింది. జారిన సంగతి దానికి తెలియనే లేదు, చప్పుడు విని కిందికి చూసుకుంది.

వాళ్ళమ్మ సెఫీనా దాన్ని పట్నం ఆసుపత్రికి మూడుసార్లు తీసుకెళ్ళింది. డాక్టరు తానియెలు మొదటిసారి ఎదిగే వయసు అన్నాడట. రెండోసారి పడవ మానేస్తే అదే పోతుందన్నాడు. మూడోసారి పోటీల భయం చేతిలోకి దిగిందని చెప్పి నిద్రమాత్ర రాశాడు. మూడుసార్లలో ఒక్కసారి కూడా కుర్చీలోంచి లేవలేదు. సముద్రం ఎదురు తిరిగినా జంకని పిల్లకి భయమట. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆయన అలా ఉంటే నేను ఇలా ఉన్నాను. ప్రతి సాయంత్రం దాన్ని చాప మీద కూర్చోబెట్టి కొబ్బరినూనెతో మర్దనా చేసేదాన్ని. మెడ పక్కన, గొంతు కింద అడ్డంగా ఉండే కంటెముకకు కొంచెం పైన, నా వేళ్ళకు గట్టిగా ఏదో తగిలింది. కండ ముడిపడిందనుకున్నాను. ముడి దొరికితే అది కరిగేదాకా చెయ్యి తియ్యకూడదని మా అమ్మ నేర్పింది. తియ్యలేదు. ఫువాటినో తువ్వాలు పళ్ళ మధ్య పెట్టుకుని ఓర్చుకునేది. కరుగుతోందే, ఇంకొంచెం అనేదాన్ని. అది కరగలేదు. జూన్ మొదట్లో ఒక సాయంత్రం నేను నొక్కుతుండగానే దాని అరచెయ్యి సున్నం కొట్టిన గోడలా తెల్లబడింది. పట్టుకుంటే చల్లగా ఉంది.

"అత్తా, ఈ చెయ్యి నాది కానట్టుందే" అంది.

ఆ మాటతో నా చేతులు వాటంతట అవే వెనక్కి వచ్చాయి.

అదే వారం సముద్రం అవతలి ఆక్లండ్ నుంచి నరాలకు ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరమ్మ వస్తోందనీ, నాలుగు రోజులే ఉంటుందనీ రేడియోలో చెప్పారు. ఆమె ఎవరెవరిని చూడాలో జాబితా రాసేది మళ్ళీ తానియెలే. సెఫీనా వెళ్ళి బతిమాలింది. జాబితా నిండిపోయిందన్నాడు. పైగా, మీ ఇంట్లో ఆవిడ పిసికి పిసికి వాపు తెచ్చిపెట్టింది, ముందు ఆమె చేతులు కట్టెయ్యండి, పిల్ల అదే బాగవుతుంది అన్నాడట. సెఫీనా ఇంటికొచ్చి ఈ మాటలన్నీ గోడకేసి చూస్తూ చెప్పింది. నా తమ్ముడు ఇయోసెఫో ఏమీ అనలేదు. మా దగ్గర తమ్ముడు అక్క మీద నోరెత్తడు. ఎత్తితే బాగుండేదనిపించింది.

ఫువాటినో మాత్రం కసురుకుంది. "అత్తని తిట్టుకుంటే నా చేతికి బలమొస్తుందా? నన్ను ఆ జాబితాలో ఎక్కించండి. ఆ తర్వాత తీరిగ్గా తిట్టుకోండి."

ఆ రోజు నేను అన్నం ముందు కూర్చోలేకపోయాను. తానియెలు అన్నదాంట్లో సగం నిజం. ఆ సగానికి నేనే జవాబు చెప్పాలి. మిగతా సగం అతని నిర్లక్ష్యం, దానికి జవాబు చెప్పేవాళ్ళే లేరు. అప్పుడు పెట్టెలోంచి మేలిచాప తీశాను. మా అమ్మ రెండేళ్ళు కూర్చుని పట్టులా సన్నగా అల్లిన చాప అది.

మా దగ్గర ఘోరమైన తప్పు చేసినవాళ్ళు సూర్యుడు రాకముందే వెళ్ళి, మేలిచాప తల మీదుగా కప్పుకుని ఎదుటివాళ్ళ గుమ్మం ముందు కూర్చుంటారు. వాళ్ళు వచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తేదాకా లేవకూడదు. ఆ కూర్చున్న మనిషిని చూడనట్టు దాటిపోవడం మా దీవిలో ఎవరివల్లా కాదు, తానియెలు వల్ల కూడా.

ఆసుపత్రికి తీసుకెళ్ళమంటే ఇయోసెఫో చాపని చూసి నిలువునా బిగుసుకుపోయాడు. "అక్కా, అది మనిషి ప్రాణం తీసినప్పుడు చేసే పని. ఊరి పెద్దల్ని అడక్కుండా, ఒక్కదానివే, అదీ ఆసుపత్రి ముందా? రేపు ఊళ్ళో తలెత్తుకోగలమా?"

"నువ్వు తలెత్తుకో. పిల్ల చెయ్యెత్తుకోలేకపోతోంది" అన్నాను.

బండి తాళాలు తీసుకున్నాడు. మంచి తమ్ముడు.

తెల్లవారేసరికి ఆసుపత్రి మెట్ల ముందు చాప కప్పుకుని కూర్చున్నాను. ఫువాటినో నా పక్కన, చాప బయట, వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. కాపలావాడు వచ్చాడు, చూశాడు, టోపీ తీశాడు. నర్సులు వంగి వంగి నడుస్తూ పక్క తలుపు వైపు వెళ్ళిపోయారు. చూపించుకోవడానికి వచ్చినవాళ్ళు నన్ను దాటి మెట్లెక్కలేక గడ్డిలో కూలబడ్డారు. ఎండ ఎక్కింది. చాప కింద ఊపిరాడలేదు, మోకాళ్ళు సలిపాయి. ఇంత వయసులో ఇదేం మొండితనమని నన్ను నేనే తిట్టుకున్నాను గానీ లేవలేదు.

ఎనిమిది గంటలకు బూట్ల చప్పుడు వచ్చి నా ముందు ఆగింది. తానియెలు గొంతు తగ్గించి, లేవండి, ఇది ఆసుపత్రి, ఊరి చావడి కాదు అన్నాడు.

చాప లోపలి నుంచే మాట్లాడాను. అందరికీ వినపడాలనే గట్టిగా మాట్లాడాను. "తప్పు చేశాను డాక్టరుగారూ. మూడు నెలలు ఈ పిల్ల మెడ పిసికాను. నొప్పి పెంచాను. కాగితం మీద నా పేరు పెట్టి మరీ రాసుకోండి. కానీ అక్కడ ఏదో ఉందని నా చేతికి దొరికింది. అదేమిటో తెలియక తప్పు చేశాను. మీకు అసలు దొరకనే లేదు. మీరు దాని మెడ ముట్టుకుంటే కదా?"

గడ్డిలో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. చాప కింద కూర్చున్నది నేనే అయినా, చెమటలు బయట ఉన్న మనిషికి పట్టి ఉంటాయి.

"ఎత్తితే ఎత్తండి. లేకపోతే డాక్టరమ్మ విమానం ఎక్కేదాకా ఇక్కడే ఉంటాను" అన్నాను.

బూట్లు రెండడుగులు వెనక్కి వెళ్ళి, మళ్ళీ దగ్గరికి వచ్చాయి. తర్వాత వెలుతురు కళ్ళలో పడింది. తానియెలు మెట్ల కింద మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు, చాప అతని చేతుల్లో ఉంది. నేను అనుకున్నదానికంటే చిన్నవాడు. మా అబ్బాయి వయసు ఉంటుందేమో. ఆ గట్టిది ఎక్కడుందో చూపించమని ఫువాటినోని అడిగాడు. అది నా వైపు చూసింది. నేను అతని వేలు పట్టుకుని దాని కంటెముక పైన ఆ చోట పెట్టాను. అతని ముఖంలో రంగు మారింది. లేచి, దాన్ని తానే వెంటబెట్టుకుని డాక్టరమ్మ గదికి తీసుకెళ్ళాడు.

డాక్టరమ్మ ముందుగా దాని రెండు చేతులూ పైకెత్తించి, గుప్పిళ్ళు మూస్తూ తెరుస్తూ ఉండమంది. మూడు నిమిషాలు చెయ్యాలట. నిమిషం కాకుండానే కుడి అరచెయ్యి తెల్లబడి, చెయ్యి ఒళ్ళో పడిపోయింది. వెంటనే ఎక్స్‌రే తీయించారు. మెడ దగ్గర పుట్టుకతోనే ఒక పక్కటెముక ఎక్కువ ఉంది. చేతిలోకి వెళ్ళే నరాలూ రక్తనాళమూ దాని దగ్గర ఇరుక్కున్నాయి. తెడ్డు వేసినప్పుడల్లా నలిగాయి. పైనుంచి నేను నొక్కడంతో ఇంకా నలిగాయి. ఇంకో ఏడాది వదిలేస్తే చెయ్యి ఎందుకూ పనికిరాకుండా పోయేదని ఆమె చెప్పింది. ఎముక ఉందని మొదట ఎవరు కనిపెట్టారని అడిగింది.

"మా అత్త" అంది ఫువాటినో.

"కనిపెట్టి పిసికింది కూడా నేనే. అది కూడా రాసుకోండి" అన్నాను. తానియెలు తలవంచుకుని రెండూ రాశాడు. ఆ సాయంత్రమే ఆక్లండ్‌కు పంపడానికి ఉత్తరం కూడా అతనే తయారుచేశాడు.

జులైలో ఆపరేషన్ అయింది. తల్లీకూతుళ్ళు అక్కడే ఉండి సెప్టెంబరులో తిరిగొచ్చారు. ఈసారి పోటీలకు దాని స్థానంలో వేరే పిల్ల కూర్చుంటోంది. జట్టువాళ్ళు ఓదార్చడానికి వస్తే, ఆ చోటు ఈ ఒక్కసారికి అరువిచ్చాను, వచ్చే ఏడు మర్యాదగా ఖాళీ చెయ్యమనండి అని పంపేసింది.

ఈ మధ్యలో నేను ఎవరినీ ముట్టుకోలేదు. నడుములు పట్టేసినవాళ్ళు వస్తే ఆసుపత్రికి పొమ్మన్నాను. నూనె సీసా అటక మీద పెట్టేశాను.

ఆక్లండ్ నుంచి వచ్చిన రోజు సాయంత్రం ఫువాటినో కోకో కప్పుతో వచ్చి, కప్పు పక్కన పెట్టుకుని, నాకు వీపు చేసి చాప మీద కూర్చుంది. కంటెముక పైన వేలెడంత మచ్చ. ఒక కాగితం వెనక్కి అందించింది. మచ్చ బిగుసుకుపోకుండా రోజుకు రెండుసార్లు నూనెతో మెత్తగా రుద్దాలని రాసి ఉంది. ఆసుపత్రి నర్సు చేస్తానంటే వద్దన్నానని, మా ఇంట్లో మనిషి ఉందని చెప్పానని అంది.

నా వల్ల కాదన్నాను.

"ఆసుపత్రి మొత్తం ముందు చాప కప్పుకుని కూర్చున్నదానివి, ఇంత మచ్చకి భయపడతావా?"

"మళ్ళీ పాడుచేస్తే?"

"మళ్ళీ కూర్చుందువుగాని. చాప ఉంది కదా. ముందు నూనె తే."

తెచ్చాను. వేలు పెట్టాను. మూడు నెలలు నాతో మొండికేసిన ఆ గట్టిది అక్కడ లేదు. మెత్తటి కండ, దాని కింద నాడి. నాకు ఏడుపొచ్చింది. ఫువాటినో వెనక్కి తిరగలేదు. కుడి చెయ్యి చాపి, కోకో కప్పు ఎత్తి తాగుతూ కూర్చుంది.