ఆమెన్ అన్న మాట

శౌరమ్మ గోరువెచ్చటి నీళ్ళలో తువ్వాలు ముంచి, పిండి, సొలొమోనుగారి వీపు తుడుస్తోంది. ఎముకలు తేలినచోట చెయ్యి తేలిక చేస్తుంది. తుడిచాక పౌడరు చల్లి అరచేత్తో గుండ్రంగా రుద్దుతుంది. మంచాన పడ్డవాళ్ళకి వీపు పుండ్లు పడకుండా రోజూ పొద్దున్నే చేసే పని ఇది. ఇరవై మంచాల వార్డులో ఆవేళ అలాంటి వీపులు ఆరు.

"బరువుగా ఉన్నానా శౌరమ్మా?" అన్నాడాయన, గోడవైపు తిరిగే.

"మీరేం బరువండీ. మా ఇంట్లో దుప్పటి తడిస్తే ఇంతకన్నా ఎక్కువుంటుంది."

ఆయన నవ్వబోయి దగ్గాడు. దగ్గు తగ్గేదాకా ఆమె వీపుమీంచి చెయ్యి తియ్యలేదు.

శౌరమ్మకి యాభై ఎనిమిది. పొట్టి మనిషి. పాదాలు వెడల్పు, మడమలు పగుళ్ళు. ఫినాయిలు నీళ్ళలో నాని నాని వేళ్ళ చివర్లు తెల్లగా ముడతలు పడి ఉంటాయి. లేత నీలం యూనిఫారం చీర కొంగు నడుముకి దోపి, మెడలో నల్లతాడుకి చిన్న సిలువ వేసుకుంటుంది. గన్నవరం అవతల పల్లె. మొదటి బస్సుకి గవర్నర్‌పేటలో దిగి ఆసుపత్రికి నడిచొస్తుంది. పద్దెనిమిదేళ్ళుగా ఆయా. చదువు మూడో తరగతి. బైబిలు ఇంట్లో ఉంది కానీ అంత సన్న అక్షరం ఆమెకి కుదరదు. వాక్యం చెవితోనే నేర్చుకుంది.

ఆమె దగ్గర ఒక మాట ఉంది. స్కాను రిపోర్టు చదివించుకుని గోడకి చేరగిలపడ్డవాళ్ళ పక్కన కూర్చుని, మోకాలి మీద చెయ్యేసి ఆ మాట చెబుతుంది. "మోయలేనంత బరువు దేవుడు ఎవరి మీదా పెట్టడమ్మా. వాక్యంలో ఉంది." ఏ మతంవాళ్ళయినా విన్నారు, తలాడించారు. అవనిగడ్డ నుంచి వచ్చిన ఒక రైతు భార్య దాన్ని స్కాను కవరు వెనక రాయించుకుని వెళ్ళింది. చెడ్డ కబురు చెప్పాల్సివచ్చిన రోజున నర్సు సింధూరి డాక్టరు కంటే ముందు శౌరమ్మని పిలుస్తుంది.

పదింటికి డాక్టరు వచ్చి చూసి, సొలొమోనుగారి భార్య మార్తగారిని వరండాలోకి తీసుకెళ్ళాడు. ఆవిడ తిరిగొచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. కాసేపు తెల్లచీర అంచు మడతలు పెడుతూ, విప్పుతూ ఉండిపోయింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

శౌరమ్మ బకెట్టు కిందపెట్టి వచ్చింది. మోకాలి మీద చెయ్యేసింది. "అమ్మగారూ, మోయలేనంత బరువు దేవుడు ఎవరి మీదా పెట్టడండీ. వాక్యంలో ఉంది."

"ఆ మాట అందులో లేదమ్మా," అన్నాడు సొలొమోను. కళ్ళు మూసుకునే అన్నాడు.

మార్తగారు విసుక్కుంది. "ఊరుకోండి మీరు. ఇక్కడ కూడానా తప్పులు దిద్దడం? ముప్పై తొమ్మిదేళ్ళు బైబిళ్ళు అచ్చేసే ప్రెస్సులో ప్రూఫులు చూశారు శౌరమ్మా. పెళ్ళి శుభలేఖ ఇచ్చినా పెన్ను తీస్తారు. పట్టించుకోకు."

శౌరమ్మ నవ్వింది. "ఉందండీ అయ్యగారూ. మా గుళ్ళో వాక్యం చెప్పే ఉపదేశిగారు అన్నారు. ఊరంతా ఆమెన్ అన్నారు."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

ఆమె బకెట్టు తీసుకుని వెళ్ళింది. ఏడో మంచం కింద తుడిచిన చోటే రెండుసార్లు తుడిచింది. పదకొండో మంచానికి ఇవ్వాల్సిన బెడ్‌పాను పన్నెండుకి ఇచ్చింది. సింధూరి "ఏంటి శౌరమ్మా, ఒంట్లో బాలేదా?" అంటే లేదంది. మధ్యాహ్నం మెట్లకింద కూర్చుని కారేజీ మూత తీసింది. గోంగూర పచ్చడి అన్నం. రెండు ముద్దలు కలిపి మళ్ళీ మూత పెట్టేసింది. ఊళ్ళో అంతమంది ఆమెన్ అన్న మాట బైబిల్లో లేకుండా ఎట్లా పోతుంది?

రెండున్నరకి మార్తగారు ఇంజక్షను తేవడానికి కిందికి వెళ్ళింది. శౌరమ్మ వచ్చి మంచం పక్కన నిలబడింది.

"అయ్యగారూ, మళ్ళీ ఒకసారి గుర్తుచేసుకోండి. చివర్న ఎక్కడన్నా ఉందేమో."

ఆయన కళ్ళు తెరిచాడు. పసుపెక్కిన కళ్ళు. "చివర కూడా చదివానమ్మా. అక్షరం అక్షరం మీద వేలు పెట్టి చదివే పని నాది. పొద్దున నోరు మూసుకోవాల్సింది. అలవాటు."

"చెప్పండి."

"బైబిల్లో లేకపోయినా వాక్యమనుకునే మాటలు ఇంకో నాలుగున్నాయి. శుభ్రం గురించి ఒకటి, పాటుపడేవాడికి దేవుడి సాయం గురించి ఒకటి. ఏటా క్యాలెండర్లకి ఎవరో ఒకరు రాసి పంపేవారు. నేను కొట్టేసేవాణ్ణి. నువ్వు చెప్పినదానికి దగ్గర్లో ఒకటుంది. అది శోధన గురించి. మనిషిని పాపంలోకి లాగేదాని గురించి. చావుల గురించి కాదు." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "ఎవరు పోయారమ్మా నీకు?"

శౌరమ్మ మంచం పట్టె మీద ఎండిన మందు మరకని గోటితో గీకింది.

"కొడుకండీ. జాన్సన్. ఇరవై రెండేళ్ళు. కైకలూరు పక్కన రొయ్యల చెరువు మీద పని. నీళ్ళలో తిరిగే మోటారుకి కరెంటొచ్చింది. చూసుకోకుండా దిగాడు." కాసేపు గీకుతూనే ఉంది. "పెట్టె దించుతుంటే నేను గోతిలోకి దూకబోయానండీ. నలుగురు పట్టుకున్నా ఆగలేదు. అప్పుడు ఉపదేశిగారు చెయ్యెత్తి ఆ మాట అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను నోరు మూసేసుకున్నా. దేవుడే తూచి పెట్టాక నేను మొయ్యలేనంటే ఆయన మాట అబద్ధం చేసినట్టు కదండీ. పదకొండేళ్ళయింది. మళ్ళీ ఏడవలేదు. మా అమ్మ పోయినా ఏడవలేదు."

సొలొమోను ఆమె వైపు తల తిప్పాడు.

"పౌలు కొరింథువాళ్ళకి రాసిన రెండో ఉత్తరం మొదట్లో ఒకచోట చెప్పుకుంటాడు శౌరమ్మా. శక్తికి మించిన బరువు మా మీద పడింది, కుంగిపోయాం, బతుకుతామన్న ఆశ కూడా పోయింది అని. అది ఉంది. నేను దిద్దిన పేజీయే. అలా రాసినందుకు ఆయన్నెవరూ తప్పు పట్టలేదు."

"మొయ్యలేనని చెప్పొచ్చా అండీ?"

"చెప్పొచ్చు."

ఆమె గోరు ఆగింది.

"అయితే ఆవేళ వాళ్ళంతా నన్నెందుకు ఆపారండీ?"

ఆయన పెదాలు తడుపుకున్నాడు. "ఏం చెప్పాలో తెలియక, అమ్మా. నీ అరుపు వినలేక."

కిటికీ బయట సిటీ బస్సు హారను చాలాసేపు మోగింది. ఆయన కాస్త అటు తిప్పమన్నాడు. శౌరమ్మ వీపు కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి పెట్టి, కిటికీ వైపు తిప్పింది. దిండు సర్ది, చెయ్యి వీపు మీదే ఉంచింది. ఎముకల మధ్య ఊపిరి ఆమె అరచేతికి తగులుతోంది. తగిలి, ఆగి, తగిలింది. తర్వాత తగల్లేదు. ఆమె ఇంకొంచెంసేపు చూసింది. అలాంటివి ఆమె అరచేతికి బాగా తెలుసు.

సింధూరిని పిలిచింది. డాక్టరొచ్చి చూసి టైము రాసుకున్నాడు. శౌరమ్మ ఆయన కళ్ళు మూసి, గాజుగుడ్డ మడిచి గడ్డం కిందనుంచి తలమీదికి కట్టింది. కాలి బొటనవేళ్ళు కలిపి కట్టింది. దుప్పటి మెడదాకా లాగింది.

మార్తగారు వచ్చింది. ఒక చేతిలో ఇంజక్షను డబ్బా, ఇంకో చేతిలో తాటాకు పొట్లం. "గేటు దగ్గర ముంజలు కనపడ్డాయి శౌరమ్మా, లేతగా ఉన్నాయి. ఒక్కటన్నా నోట్లో..." అంటూ పొట్లం కిటికీ గట్టు మీద పెట్టి మంచంవైపు తిరిగింది. గడ్డానికి కట్టిన గుడ్డ చూసింది. డబ్బా చేతిలోనే ఉండిపోయింది.

సింధూరి శౌరమ్మకేసి చూసింది. వార్డులో అందరూ చూశారు. ఆమె ఎప్పట్లాగే ముందుకు వెళ్ళింది, మార్తగారి రెండు చేతులూ పట్టుకుంది. నోరు తెరిచింది. పాత మాట పెదాలదాకా వచ్చింది, ఆపేసింది. మళ్ళీ తెరిచింది.

"మొయ్యలేమండీ అమ్మగారూ," అంది. "మొయ్యలేం."

ఆపైన గొంతులోంచి వచ్చింది మాట కాదు. నేలమీద కూలబడి మంచం పట్టె పట్టుకుని అరిచింది. పదకొండేళ్ళ కిందట సగంలో ఆగిన చోటినుంచే అరిచినట్టుంది. మార్తగారు తన ఏడుపు ఆపుకుని ఆమె తల దగ్గరికి తీసుకుంది. తర్వాత ఇద్దరూ కలిసి ఏడ్చారు.

పదకొండో మంచం తాలూకు ఆవిడ సింధూరిని మెల్లగా అడిగింది. "ఆయన ఈ ఆయాకేమవుతారమ్మా?"

సింధూరి రెండు గ్లాసుల్లో నీళ్ళు పోసి, తీసుకెళ్ళి వాళ్ళిద్దరి పక్కన పెట్టింది.

నాలుగున్నరకి అంబులెన్సు వచ్చింది. శౌరమ్మ స్ట్రెచరు వెంట లిఫ్టుదాకా వెళ్ళి, మార్తగారి చీర కొంగు తలుపులో పడకుండా లోపలికి సర్దింది. తిరిగొచ్చి మంచం మీది దుప్పట్లు తీసింది. రెగ్జిను పరుపు డెటాల్‌తో తుడిచి, ఆరాక కొత్త దుప్పటి పరిచి నాలుగు మూలలూ కిందికి దోపింది. ముక్కు తుడుచుకుంటూనే చేసింది. కింద ఇంకో పేషెంటు ఎదురుచూస్తున్నారని కబురొచ్చింది.

కిటికీ గట్టు మీద తాటాకు పొట్లం ఉంది. ముడి విప్పలేదు. ఎండ పడి వెచ్చబడ్డ ఆకు అడుగునుంచి ముంజల నీళ్ళు బొట్టు బొట్టుగా గోడమీదికి కారుతున్నాయి.