చేతులు చల్లారే వేళ

ఎడమచేత్తో గుప్పెడు కాయలందుకుని, కుడిచేతి బొటనవేలి గోటితో తొడిమ గిల్లి, కాయ ముందుకీ తొడిమ పక్కకీ వేస్తోంది రోజారమణి. చూపు చేతుల మీద లేదు. పెళ్ళికి ముందునుంచీ మిరపకాయలతో కాపురం చేస్తున్న మనిషికి చూపుతో పనేముంది? నందిగామ బయట, కోల్డ్ స్టోరేజీ వెనకున్న రేకుల షెడ్డులో ఆడవాళ్ళందరూ పట్టాల మీద కూర్చుని అదే పని చేస్తున్నారు. వానాకాలం కావడంతో బస్తాలకి చెమ్మపట్టి కాయ మెత్తబడింది. ఎండాకాలమైతే ఘాటు ముక్కుకెక్కుతుంది, వానాకాలమైతే వేళ్ళకంటుకుని లోపలికి దిగుతుంది. రెండింటిలో ఏది నయమని ఎవరైనా అడిగితే ఆమె నవ్వి ఊరుకుంటుంది.

పొట్టి వేళ్ళు, వెడల్పాటి అరచేతులు ఆమెవి. గీతల్లో ఎరుపు ఇంకిపోయింది. గిల్లీ గిల్లీ కుడి బొటనవేలు బయటికి వంగిపోయి, మళ్ళీ తిన్నగా రాలేదు. సబ్బుతో కడిగినా మంట పోదు. కొడుకు బెన్ని చిన్నప్పుడు ఏడిస్తే మోచేతి పైభాగంతోనే వాడి కళ్ళు తుడిచేది. వాడి బుగ్గని అరచేత్తో నిమిరిన జ్ఞాపకం ఆమెకి ఒక్కటీ లేదు. ఇప్పుడు వాడు ఆటో నడుపుతున్నాడు, వాడికో ఆడపిల్ల. ఆ పిల్ల పుట్టిన కొత్తలో ముద్దొచ్చి బుగ్గ తాకితే, చిటికెలో ఎర్రగా కంది, గుక్కపట్టి ఏడ్చింది. ఆ రోజంతా రోజారమణి వంటింటి గడప దాటి ఇవతలికి రాలేదు.

కోడలు జాయిస్‌ది జగ్గయ్యపేట. నందిగామలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. డ్యూటీకి పోయేముందు తన పాలు పిండి, చిన్న డబ్బాల్లో పోసి, ఫ్రిజ్జు పైఅరలో గడ్డకట్టిస్తుంది. కాలు విరిగి ఇంటిపట్టునే ఉంటున్న మామగారు స్తెఫను వాటిని వేడినీళ్ళలో కరిగించి పాపకి పడతాడు. తల్లి పాలు డబ్బాలో నిలవుంటాయంటే మొదట్లో వాళ్ళుండే కీసర ఊళ్ళో ఆ వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది.

ఒక సాయంత్రం భర్తకి పాల డబ్బా తీసివ్వబోతూ రోజారమణి చెయ్యి లోపలి మంచుకి తగిలింది. ఆమె అలాగే నిలబడిపోయింది. ఇన్నేళ్ళుగా ఆరని మంట ఆ తెల్లటి గోడని తాకగానే అణిగిపోయింది. దేవుడు ఇంత చల్లదనాన్ని ఈ పెట్టెలో తన కోసం దాచి ఎన్నాళ్ళయిందో అనుకుంది. ఆ మర్నాటినుంచీ అదే వరస. ఇంటికి రాగానే చేతులకి నూనె, తర్వాత పులిసిన మజ్జిగ, తర్వాత సబ్బు. చివరికి ఫ్రిజ్జు తలుపు తీసి, రెండు అరచేతులూ మంచుకి ఆనించి, చర్చిలో పాడే పాట ఒకటి మొదలునుంచి చివరిదాకా మెల్లగా పాడుకునేది. అప్పుడు వేలికొనతో తన కంటి కొలికినే తాకి చూసుకునేది. మండకపోతేనే పాపని ఎత్తుకునేది. జాయిస్ బస్సు దిగేసరికి ఇదంతా అయిపోయేది. స్తెఫను చూసేవాడు, కోడలి చెవిన వేసేవాడు కాదు.

ఈ సాయంత్రం జల్లులో తడుస్తూ ఇంటికొచ్చేసరికి గుమ్మం దగ్గర జాయిస్ చెప్పులున్నాయి. లోపల ఫ్రిజ్జు బార్లా తెరిచి ఉంది. పైఅరలో వేడినీళ్ళ గిన్నె పొగలు కక్కుతోంది. నందిగామ నుంచి వచ్చిన మెకానిక్ దేవరాజ్ కింద గుడ్డలు పరుస్తున్నాడు. మంచు పేరుకుని తలుపు మూతపడక, డబ్బాల్లో పాలన్నీ విరిగిపోయాయి. మధ్యాహ్నం పాపకి ప్యాకెట్ పాలు పట్టాల్సొచ్చింది. అది కక్కేసింది. ఫోనందుకుని సెలవు పెట్టి వచ్చిన జాయిస్ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి, ఏడుపు వల్లో కోపం వల్లో తెలియడం లేదు.

కత్తితో పొడిచి మంచు తీస్తే గ్యాసు పోతుంది, కరిగేదాకా ఓపిక పట్టాలన్నాడు దేవరాజ్. తలుపు సందులో కాగితం పెట్టి లాగి చూశాడు.

"రబ్బరు బానే ఉంది మేడమ్. పక్కనే మునేరు, గాలంతా నీళ్ళే గదా. తలుపు తీసినప్పుడల్లా ఆ గాలి లోపలికి పోయి గడ్డకట్టుద్ది. ఇంత పేరుకుందంటే ఎవరో రోజూ తీసిపెట్టుకుని నిలబడుతున్నారు."

తనే చల్లనీళ్ళ కోసం తీస్తున్నానన్నాడు స్తెఫను. గొంతు పట్టేస్తుందని రోహిణి కార్తెలో కూడా కాచిన నీళ్ళు తాగే మనిషి ఆయన. జాయిస్ ఆయన వంక అనుమానంగా చూసింది.

రోజారమణి చూపు కిందున్న బకెట్ మీద ఉంది. మంచు కరిగి సగం నిండింది. ఇదంతా గాల్లో నీళ్ళేనా? అన్నం ఉడికిన ఆవిరి, ఆరని బట్టల తడి, ఇంట్లో వాళ్ళందరి ఊపిరి, పాప ఊపిరి కూడా అందులో ఉన్నట్టేగా. రోజూ అందులో మసులుతూ తనకెన్నడూ కనపడని నీళ్ళు బకెట్లో కళ్ళెదురుగా కదులుతుంటే ఆమెకి ఒళ్ళు గగుర్పొడిచింది. ఆ పాలు తనవల్లే పాడయ్యాయన్న సంగతి ఆ తర్వాత మనసుకెక్కింది.

అప్పుడే లోపల పెళ్ళున చప్పుడై, మంచుపలక ఊడొచ్చింది. దేవరాజ్ దాన్ని రెండుచేతులా పట్టి పళ్ళెంలో పెట్టి, వెనక్కి జరిగాడు. పలకలో పక్కపక్కనే రెండు అరచేతుల గుంటలున్నాయి. పది వేళ్ళూ విడివిడిగా తెలుస్తున్నాయి. కొనల దగ్గర లేత ఎరుపు జీర. కుడి బొటనవేలి గుంట బయటికి వంగి ఉంది.

"నేనేనమ్మా," అంది రోజారమణి. "చేతులు చల్లారితే పాపనెత్తుకోవచ్చని. పాలు పాడవుతాయని తెలీదు. ఇక తియ్యను. పాపని కూడా ఎత్తుకోన్లే."

మధ్యాహ్నంనుంచీ కూడగట్టుకున్న కోపం జాయిస్ నోట్లోనే ఉండిపోయింది. సూది గుచ్చడానికి రోజూ ఎందరి చేతులో పట్టుకుని చూసే పిల్ల, పక్కనే కూర్చుని అన్నం తినే అత్త చేతులు ఇన్నాళ్ళూ చూడలేదు. వంగి, తన అరచెయ్యి ఆ గుంటలో పెట్టింది. చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. ఇంత గుంట పడేదాకా ఈ చలిలో ఎలా ఉంచింది? ఒక బిడ్డని ఎత్తుకోవడానికి ఇంత ఉందా? ఆమెకి భయంలాంటి గౌరవం కలిగింది.

పళ్ళేన్ని ఎత్తుకెళ్ళి వరండాలో పెట్టి, "ఇందులో పెట్టండి అత్తయ్యా," అంది. "రేపట్నుంచి గిన్నెలో నీళ్ళు నేనే గడ్డకట్టించి ఉంచుతా. తలుపు మాత్రం పదేపదే తియ్యకండి, అంతే."

రోజారమణి పలకలో చేతులు పెట్టింది. ఈసారి పాట పైకే పాడింది. కంటి కొలికి తాకి చూసుకుని చేతులు చాచింది. జాయిసే పాపని తెచ్చి ఆ చేతుల్లో పెట్టింది. పాప ఉలిక్కిపడి, ఆ చల్లటి వేలొకటి పట్టుకుని చప్పరించబోయింది. రోజారమణి నవ్వుతూ వేలు లాక్కుని, అరచేత్తో దాని బుగ్గ నిమిరింది.

ఆ తర్వాత ఫ్రిజ్జు బాగానే పనిచేసింది. జాయిస్ రోజూ పొద్దున స్టీలు గిన్నె నిండా నీళ్ళు పోసి పైఅరలో పెట్టేది, సాయంత్రం స్తెఫను ఒక్కసారి తలుపు తీసి దాన్ని బయటికిచ్చేవాడు.

వానలు వెనకబడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, షెడ్డులో అన్నం తిని, చేతులు కడుక్కుని, బస్తాకి ఆనుకుని కళ్ళు మూసుకుంది రోజారమణి. పని మొదలయ్యాక పక్కామె తట్టి లేపింది. లేవలేదు. కునుకు పట్టిందేమోనని ఇంకాసేపు చూశారు. ఇంటికి తెచ్చినప్పుడు ఆ చేతులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. జాయిస్ వాటికి నూనె రాసి, మజ్జిగతో కడిగి, వేలికొనల్ని తన కంటి కొలికికి తాకించుకుని చూసింది.

సమాధి కార్యక్రమం అయ్యాక, పాప పాలకేడుస్తుంటే, తిండిలేక పాలు పడని జాయిస్ ఫ్రిజ్జు తెరిచింది. లోపల గోడలు శుభ్రంగా ఉన్నాయి, మంచు లేదు. పాల డబ్బాల పక్కన, తను చివరిసారి నింపిపెట్టిన స్టీలు గిన్నె అంచుదాకా గడ్డకట్టి ఉంది.