నాలుగు జీపుల స్టెప్నీ

తండాలో జీపులు నాలుగు, స్టెప్నీ ఒకటి.

మొదట్లో ఎవరి స్టెప్నీ వాళ్లకు ఉండేది. ఇల్లందు రోడ్డెక్కే దాకా అడవిలో ఆరు కిలోమీటర్లు రాళ్లదారి. టైర్లు తొందరగా అరిగేవి. అరిగిన టైరు తీసేసి స్టెప్నీని కిందికి దింపేవాళ్లు. దాని స్థానంలో మరొకటి కొనాలన్న సంగతి నలుగురూ వాయిదా వేసేవాళ్లు. చివరికి ఫిట్‌నెస్ పరీక్ష రోజు చూపించడానికని అందరూ కలిసి రింగుతో సహా ఒక మంచి టైరు తెచ్చి, సోమ్లి ఇంట్లో ధాన్యం డ్రమ్ముల పక్కన నిలబెట్టారు. ఎవరి బండికి పరీక్ష వస్తే వాళ్లు తీసుకుపోవాలి, సాయంత్రానికి మళ్లీ తెచ్చి అక్కడే పెట్టాలి. మొదటి ఏడాదే ఎవరో దానికి బదులు బోడి టైరు తెచ్చి పెట్టి పోయారు. పెద్ద గొడవయ్యాక అసలు టైరు తిరిగి వచ్చింది. అప్పుడు సోమ్లి తన తలుపుకు వేయగా మిగిలిన నీలం రంగును రింగుకు పూయించింది. ఇలాంటి రింగు జిల్లా మొత్తంలో ఇంకొకటి ఉండదని, ఇక మార్చడం ఎవరి తరమూ కాదని ఆమె ధీమా.

సోమ్లి సువర్ణకు అత్త. ఎదురింట్లో వేరుగా వండుకుంటుంది. శుక్రవారం పొద్దున సువర్ణ ఆ ఇంట్లోకి వెళ్లి చూస్తే డ్రమ్ముల పక్కన టైరు లేదు.

"అత్తా, స్టెప్నీ ఏది?"

"గోప్యా తీస్కపోయిండు. కోడి కూయంగనే వచ్చిండు."

"ఇయ్యాల మా బండికి కదా ఫిట్‌నెస్?"

"వానికి గూడ ఇయ్యాలనేనంట. ముందొచ్చినోనికి ఇచ్చిన. మీరు పొద్దెక్కేదాంక పండుకుంటే నేనేం జెయ్యాలె?"

ఇదివరకు తేదీలన్నీ ఒక ఏజెంటు చూసేవాడు. నాలుగు బండ్లకూ వారం, పది రోజుల తేడాతో వేయించేవాడు. ఈసారి సువర్ణ భర్త కోటేష్, అతని పెదనాన్న కొడుకు గోప్యా ఎవరికి వారే నెట్ సెంటర్‌కు పోయి స్లాటు పెట్టుకున్నారు. ఒకరికొకరు చెప్పుకోలేదు. చెప్పుకోవలసిన విషయమని ఇద్దరికీ తోచలేదు.

వేరే రోజైతే సువర్ణ కూడా పట్టించుకునేది కాదు. ఇల్లందులోని ఒక చిన్న బడివాళ్లు సోమవారం నుంచి తండా పిల్లలు పదకొండు మందిని తీసుకురావడానికి కోటేష్ జీపును మాట్లాడుకున్నారు. ఫిట్‌నెస్ కాగితం శుక్రవారం సాయంత్రంలోగా పంపాలన్నారు. రేపు రెండో శనివారం. కాగితం అందకపోతే టౌనులోని మరో బండికి చెబుతామన్నారు. ఈ పని లేకపోతే కోటేష్ మళ్లీ కొత్తగూడెం పోయి బొగ్గు టిప్పర్ ఎక్కాలి. నిరుడు అలాగే ఎక్కాడు. ఎనిమిది రోజులకోసారి ఇంటికి వచ్చేవాడు. ఒకసారి స్టీరింగు ముందే నిద్రపోయి, టిప్పరును చేలోకి దించాడు. ఒంటికి ఏమీ కాలేదు. కానీ ఆ తర్వాత అతను ఇంట్లో లేని ప్రతి రాత్రీ సువర్ణ ఫోను దిండు కింద పెట్టుకునే పడుకుంది. మళ్లీ అట్లా పడుకోవడం ఆమెకు ఇష్టం లేదు.

బయటికి వచ్చేసరికి గోప్యా భార్య ప్రమీల బోరింగు దగ్గర గిన్నెలు తోముతోంది.

"అక్కా, ఏంది ఈ లొల్లి? ఇద్దరికీ ఒక్కదినమేనంట గద."

"రంధి పెట్టుకోకు సువర్ణా. మీ బావది పదింటికి, మీది పదకొండున్నరకు. ఆయనది అయిపోయినంక టైరు ఇప్పి మీ బండికి పెట్టుకోండ్రి. నేను ఫోన్ జేసి చెప్త తీయ్." చేతికంటిన బూడిద కడుక్కుని ప్రమీల నవ్వింది. "కోటేష్‌ను మాత్రం నోరు తెరవనీయకు. ఆఫీసర్‌ను జూస్తే అతనికి రక్తం మసులుతది."

అందుకే సువర్ణ కూడా జీపెక్కింది.

పరీక్ష జరిగేది టౌను బయట ఒక మైదానంలో. వాళ్లు పోయేసరికి గోప్యా జీపు పరీక్ష ముగిసింది. ఇన్‌స్పెక్టరు సంతకం కోసం అతను టీ బండి దగ్గర నిలబడి ఉన్నాడు. కోటేష్‌ను చూడగానే పానా అందుకున్నాడు. అన్నదమ్ములిద్దరూ టీ బండి చాటున ఐదు నిమిషాల్లో టైరు విప్పి ఈ జీపు వెనక బిగించారు.

"టైరు మీద చాక్‌పీసు గీత ఉన్నది. తుడువు," అన్నాడు గోప్యా.

సువర్ణ కొంగు తడిపి తుడిచింది.

ఇన్‌స్పెక్టరు నిదానస్తుడు. లైట్లు వేయించాడు. హారన్ కొట్టించాడు. వైపరు తిప్పించాడు. బ్రేకు చూశాడు. మందుల పెట్టె తెరిచి దూది, అయోడిన్ ఉన్నాయో లేదో చూశాడు. నాలుగు టైర్ల గాడుల్లోనూ వేలు పెట్టి చూశాడు. తర్వాత బండి వెనక్కి వెళ్లి ఆగిపోయాడు. చేతిలోని ట్యాబులో ఫొటోలు వెనక్కి జరిపి, ఒకచోట వేలు ఆపాడు.

"ఈ నీలం రింగును పొద్దున పదింటికి చూశాను. ఇదిగో ఫొటో. అక్కడ నిలబడ్డ బండికి ఉండింది."

అతను ట్యాబును కోటేష్‌వైపు తిప్పాడు.

"పోయిన నెల కూడా ఎక్కడో చూసినట్టే అనిపించింది. నాదే భ్రమ అనుకున్నాను. ఒక్క పూటలో రెండుసార్లంటే భ్రమ కాదు కదా?"

కోటేష్ ఉండబట్టలేకపోయాడు. "కొత్త కార్లకు స్టెప్నీ లేకున్నా పాస్ జేస్తున్నరంట గద సార్?"

"వాటికి ట్యూబ్‌లెస్ టైర్లు ఉంటాయి. పంక్చర్ కిట్ ఉంటుంది. గాలి తగ్గితే చెప్పే మీటరు ఉంటుంది. నీ బండికి గాలి తగ్గితే ఎవరు చెప్తారు?"

"ఎనక కూసున్నోళ్లు చెప్తరు సార్."

టీ బండివాడు నవ్వాడు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. సువర్ణ భర్త మోచేయి పట్టుకుని పక్కకు లాగింది.

"టైరు ఒకటి, బండ్లు రెండు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఆ బండిది కూడా సంతకం ఇంకా పెట్టలేదు. టైరు ఎవరిదో మీరే చెప్పండి. ఆ బండి నంబరు దీని మీద రాయిస్తాను. రెండో బండివాళ్లు టైరు కొనుక్కుని, మళ్లీ స్లాటు పెట్టుకుని రండి."

"మళ్లీ ఎప్పుడు దొరుకుతది సార్ స్లాటు?"

"ఇప్పుడైతే పద్దెనిమిది రోజుల తర్వాతే ఉన్నాయి."

"గది అందరిది సార్," అన్నాడు గోప్యా.

"అందరిదైతే ఎవరికీ లేనట్టే. రెండూ ఆపేస్తాను. నేను రెండు గంటలకు లేస్తాను, ఆలోగా చెప్పండి."

సువర్ణ ఇల్లందులో టైర్ల షాపు నడిపే ఆజంకు ఫోన్ చేసింది. "ఆ సైజు రింగు నా దగ్గర లేదు చెల్లె. ఖమ్మం నుంచి తెప్పియ్యాలె. ఎంత జల్దీ అన్నా రేపు మాపటికి," అన్నాడతను. ఆమె ఫోను పెట్టేసింది.

నాలుగు రోజుల కింద వాన పడింది. తండా చుట్టుపక్కల అందరూ పత్తి గింజలు పెడుతున్నారు. గోప్యా పొద్దున్నే ఒక ఊరి కూలీలను ఇంకో ఊరి చేలల్లో దించుతాడు. ఈ పని ఉండేదే పదిహేను, ఇరవై రోజులు. కాగితం లేకుండా మెయిన్ రోడ్డెక్కితే మొదటి చెకింగులోనే బండి ఆపేస్తారు. ఇదంతా సువర్ణకు తెలుసు. కోటేష్‌కూ తెలుసు. అందుకే అతను తన చెప్పులవైపు చూస్తూ నిలబడ్డాడు. ఇంకాసేపు అలాగే నిలబడితే "అన్నకే రాయండి సార్" అంటాడని ఆమెకు తెలుసు. ఆ మాట అతని నోటిదాకా వచ్చి ఉంటుంది కూడా.

"మాది సార్," అంది సువర్ణ.

గోప్యా ఆమెవైపు చూశాడు.

"మా అత్త ఇంట్లనే ఉంటది," అంది ఇన్‌స్పెక్టరుతో. "ఆ రంగు గూడ మా అత్త ఏయించిందే."

ఇన్‌స్పెక్టరు గోప్యావైపు తిరిగాడు. "ఏమయ్యా, నిజమేనా?"

కాదంటే రెండు బండ్లూ ఆగిపోతాయి. గోప్యా చేతిలోని పానాను ఒకసారి ఇటూ అటూ తిప్పి జీపు అడుగున పెట్టాడు.

"అవ్ సార్. వాళ్లదే."

ఒకతను డబ్బాతో వచ్చి టైరు మీద తెల్లరంగుతో కోటేష్ బండి నంబరు రాశాడు. ఆరేదాకా ముట్టుకోవద్దన్నాడు. అది ఆరేలోపే గోప్యా జీపు మైదానం దాటిపోయింది.

జీపు ఇల్లందు రోడ్డు దిగి రాళ్లదారి పట్టింది. తర్వాత కోటేష్ అన్నాడు, "నేనైతే అనకపోదును."

"ఎర్కే. అందుకే నేనన్న."

నాలుగు గంటలకు బడివాళ్లకు కాగితం ఫొటో పంపింది. సోమవారం ఏడున్నరకు రమ్మని జవాబు వచ్చింది.

సాయంత్రం సోమ్లి జీపు వెనక్కి వచ్చి నంబరు మీద వేలు పెట్టి చూసింది. ఆమెకు చదువు రాదు.

"ఇదేంది?"

"మన బండి నంబరు అత్తా. ఇగ దీన్ని తియ్యొద్దు. బడోళ్లు గూడ చూస్తరు."

"మరి మిగిలిన ముగ్గురికి?"

"ఆజం దగ్గర చెప్పినం. ఇంకోటి తెచ్చి పెడ్తం నీ దగ్గర."

"తేండ్రి. పెట్టనీకె జాగ ఉన్నది. అడిగి తీస్కపోనీకె ఎవరొస్తరో చూడాలె."

శనివారం ఆజం టైరు వచ్చి డ్రమ్ముల పక్కన నిలబడినా ఎవరూ రాలేదు. ఆదివారం మిగతా రెండు జీపులవాళ్లు ఖమ్మం పోయి, ఎవరి టైరు వాళ్లు తెచ్చుకున్నారు. గోప్యా కూడా వాళ్లతో పోయి ఒకటి తెచ్చి బండికి బిగించుకున్నాడు. కానీ స్లాటు వచ్చేదాకా అతని జీపు వాకిట్లోనే ఉండాలి. అతని కూలీలను వేరే ఊరి జీపతను ఎక్కించుకున్నాడు. ప్రమీల ఆ జీపులోనే గింజలు పెట్టడానికి పోతుందని సోమ్లి చెప్పింది. ఆదివారం రాత్రి సువర్ణ గిన్నెడు చేపల కూర తీసుకుని ఆ ఇంటిదాకా వెళ్లింది. లోపల లైటు వెలుగుతోంది. రెండుసార్లు "అక్కా" అని పిలిచి, కాసేపు నిలబడి తిరిగి వచ్చింది. ఆ కూరను పొద్దున తనూ కోటేషూ తిన్నారు.

చిన్న పిల్లలు ఉంటారని, మొదటి వారం ఒక ఆడమనిషి వెంట ఉండాలని బడివాళ్లు అడిగితే సోమవారం సువర్ణే వెనక సీట్లో కూర్చుంది. కోటేష్ కొత్త చొక్కా వేసుకున్నాడు. ఇంటింటి ముందూ ఆగుతూ పది మంది ఎక్కారు. చివరి ఇల్లు గోప్యాది. ప్రమీల అప్పటికే పనికి పోయే చీరలో, తలకు తువ్వాలు చుట్టుకుని, ఐదేళ్ల కూతురి చేయి పట్టుకుని రోడ్డు మీద నిలబడి ఉంది.

జీపు ఆగింది. పాపను అందుకోవడానికి సువర్ణ రెండు చేతులూ చాపింది. ప్రమీల పాపను ఎత్తి, ఆ చేతులకు ఇవ్వకుండా జీపు మెట్టు మీద నిలబెట్టింది.

"నువ్వే ఎక్కు. కడ్డీ పట్టుకో," అంది కూతురితో.

పాప ఎక్కింది. కాలు జారింది, మళ్లీ ఎక్కింది. సువర్ణ చేతులు వెనక్కి తీసుకుని, పక్కనున్న పిల్లవాడి సంచి ఒళ్లో పెట్టుకుని పాపకు చోటు చేసింది. ప్రమీల అప్పటికే కూలీల జీపు వచ్చేవైపు నడుస్తోంది.

"తలుపు ఏసినవా?" అని కోటేష్ ముందు నుంచి అడిగాడు.

"ఏసిన. పోనీయ్."