మంగళవారం పిట్టలు

కేప్ కోస్ట్‌లో మంగళవారం సముద్రానికి సెలవు. పడవలు ఒడ్డునే పడుకుంటాయి, వలలు ఆరతాయి. ఆ రోజు అరబా, చనిపోయిన వాళ్ళమ్మ క్వాన్సిమా కట్టుకున్న నీలం బట్టని దండెం మీద ఎండేసేది. దాని మీద అచ్చువేసిన పన్నెండు పసుపుపచ్చ పిట్టలు ఎండ తగలగానే లేచి పక్కింటి రేకుల మీద వాలేవి. పొద్దుగూకేసరికి తిరిగొచ్చి బట్టలో తమ తమ చోట్లలో సర్దుకునేవి. వీధిలో అందరికీ అలవాటే. చేపలు పొగబెట్టే పక్కింటి అబా అత్త బాధల్లా రేకుల మీద పడే రెట్టల గురించే.

అమ్మ పోయాక అరబాకి సామాను మీద విరక్తి పుట్టింది. బేసిన్లు, ఖాళీ పాలడబ్బాలు, అంత్యక్రియల్లో పంచిన, పోయినవాళ్ళ బొమ్మలున్న కప్పులు, అన్నీ పంచేసింది. ఒక మంచం, ఒక కుర్చీ, మూడు కొత్త గౌన్లు మిగిలాయి. ప్రాణం తేలిగ్గా ఉందని అందరికీ చెప్పుకునేది. ఆ సుఖంలోనే తప్పు చేసింది.

ఒక మంగళవారం మధ్యాహ్నం, మొక్కజొన్న ముద్దలమ్మే మాన్సా వచ్చి పాతబట్ట ఏదైనా ఉంటే పెట్టమంది. అరబా దండెం మీది బట్ట లాగి ఇచ్చింది.

"ఇది మీ అమ్మది కదమ్మా?"

"పెట్టెలో పెట్టి నేనేం చేసుకోను? తీసుకెళ్ళు."

ఆ బట్ట చెల్లెలు ఎకువా తొలిచూలు బిడ్డకని అమ్మ పోయేముందు చెప్పింది. అరబాకి ఆ మాట గుర్తుంది. గుర్తుండే ఇచ్చింది. చంటిపిల్లకి ఏ బట్టయితేనేంలే అనుకుంది. పిట్టలు బయటున్న సంగతి మాత్రం మరిచిపోయింది.

సాయంత్రం అవి వచ్చాయి. నాలుగు చుట్లు తిరిగి, ఖాళీ దండెం మీద వరసగా కూర్చున్నాయి.

తెల్లారి అరబా మాన్సా దగ్గరికి పరిగెత్తింది. అప్పటికే బట్ట ముగ్గురు పిల్లల గౌన్లయింది. "బొమ్మలు లేకపోతే పోనీలే, నీలం మీద మురికి కనబడదు," అంది మాన్సా సంతోషంగా. అరబా బజారుకెళ్ళి కొత్తబట్ట కొనుక్కొచ్చి ఎండేసింది. పిట్టలు దానివైపు కన్నెత్తి చూడలేదు.

"మనిషి చెమట ఎరగని గుడ్డ మీద ఎట్లా వాలతాయే?" అంది అబా అత్త. "ఇల్లంతా ఊడ్చిపెట్టావు. పాతది ఒక్కటైనా మిగిల్చావా?"

పిట్టలు రోజుకింత రంగు వెలిసిపోతూ వచ్చాయి. శుక్రవారానికి వాటిలోంచి అవతలి గోడ కనిపించింది. "రేపటికి మించి ఉండవు," అంది అత్త.

ఆ సాయంత్రమే ఎకువా ఏడురోజుల బిడ్డతో తనుండే టకోరాడి నుంచి వచ్చి బస్సు దిగింది. "అక్కా, అమ్మ బట్టేదీ?"

"రేపిస్తాలే," అంది అరబా. తను అంత తేలిగ్గా అబద్ధం ఆడగలదని తనకే తెలీదు.

శనివారం తెల్లవారుతుండగా పేరు పెట్టే వేడుక. బిడ్డ నాలుక మీద ముందు నీటి చుక్క, తర్వాత సారా చుక్క వేస్తారు. ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి కావాలని. వేసినవాళ్ళ గుణమే బిడ్డకొస్తుంది. అమ్మమ్మ పేరు పెడుతున్నారు కాబట్టి పెద్దమ్మే వెయ్యాలని తండ్రి తరఫువాళ్ళు పట్టుబట్టారు.

అరబా నీళ్ళలో వేలు ముంచి, "నీళ్ళయితే నీళ్ళే అను," అంది. సారాలో ముంచిన వేలు మాత్రం ముందుకు రాలేదు.

"ఎకువా, అమ్మ బట్ట ఇచ్చేశాను. మాన్సాకి. తెలిసే ఇచ్చాను. నిన్న నీకు అబద్ధం చెప్పాను."

ఎకువా కళ్ళు ఎర్రబడ్డాయి.

"అమ్మ దగ్గర్నుంచి నాకు రావాల్సింది అదొక్కటే అక్కా. నీ ఇల్లు ఖాళీ చేసుకున్నావు. అందులో నేనూ ఉన్నానని చూసుకోలేదు." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇక కానివ్వు. పిల్ల నోరు తెరుచుకునుంది."

"సారా అయితే సారానే అను," అంది అరబా ఏడుస్తూ.

అప్పుడు దిగాయి పిట్టలు. ఎకువా ఏదీ పారెయ్యని మనిషి. బిడ్డని చుట్టిన తెల్లగుడ్డ అమ్మ పాత లోపావడా. పదకొండు పిట్టలు దాని మీద వాలి, రంగు తిరిగి తెచ్చుకుని, అచ్చుబొమ్మలయ్యాయి. పన్నెండోదానికి చోటు చాల్లేదు. అది అటూ ఇటూ చూసి, చాచి ఉన్న అరబా మోచేతి మీద వాలి, చర్మంలోకి దిగిపోయింది. సబ్బుకి పోలేదు.

ఇప్పుడు ప్రతి మంగళవారం అది లేచి టకోరాడిలో తోబుట్టువుల దగ్గరికి పోతుంది. ఒంటరిగా తిరిగి రాదు. అది తిరిగొచ్చేదాకా అరబా చెయ్యి మంట. కాబట్టి బస్సెక్కి వెళ్ళి తెచ్చుకుంటుంది.

మొదట్లో ఎకువా పలకరించేది కాదు, ముక్కాలిపీట మాత్రం వేసేది. క్షమించానని ఇంతవరకూ అనలేదు. అరబా బయల్దేరేటప్పుడు ఒక పాలడబ్బానో, ఎవరిదో బొమ్మున్న పాత కప్పో చేతిలో పెట్టి, "ఉంచుకో," అంటుంది.

అరబా మారుమాట్లాడకుండా సంచిలో వేసుకుంటుంది. గోడకి అలమర కొట్టించింది. రెండో అర నిండొస్తోంది.