అభన్‌పూర్ రంపం, వియ్యంకుడి దిక్సూచి

చిన్నారావుకి వంకర అంటే పడదు. ఎవరింటికి వెళ్ళినా కూర్చోకముందే గోడ మీది క్యాలెండరు సరిచేస్తాడు. పెళ్ళి భోజనంలో విస్తరి బల్ల అంచుకి సమంగా లేకపోతే ఆయనకి ముద్ద దిగదు. ఛత్తీస్‌గఢ్‌లో రైల్వే వ్యాగన్ల రిపేరు షాపులో ఫిట్టరుగా చేరి, చక్రాలూ ఇరుసులూ సరిచూస్తూ అక్కడే జుట్టు నెరిసిపోయింది. రిటైరయ్యాక రైల్వే క్వార్టరు ఖాళీ చేశాడు గానీ ఆ షాపు పేరనే వెలిసిన డబ్ల్యూఆర్ఎస్ కాలనీని వదలడానికి మనసొప్పక, గేటు బయటే అద్దెకి దిగాడు. షాపు సైరను వినపడని చోట అన్నం అరగదని ఆయన నమ్మకం.

అలాంటి మనిషి అభన్‌పూర్‌లో మూతపడ్డ కోత మిల్లుని లీజుకి తీసుకున్నాడని తెలిసి కాలనీలో తెలుగువాళ్ళంతా కడుపుబ్బ నవ్వుకున్నారు. "సైరను మోగితే గానీ చెయ్యి లెగని మనిషికి సొంత మిల్లేటి?" అన్నారు. ఆ మాట చిన్నారావు చెవిన పడాలనే అన్నారు, పడింది. అప్పటినుంచీ ఆయనకి రెండే కోరికలు. ఒకటి, ఆ రంపం పలకని సూటిగా కొయ్యాలి. రెండు, ఆ పలకని నవ్వినవాళ్ళంతా చూడాలి. రెండో కోరికే కాస్త ఎక్కువని తాయారమ్మ అనేది. భార్య కాబట్టి అనగలిగింది.

మిల్లు అంటే పెద్ద మాట. ధమ్తరీ రోడ్డు పక్కన రేకుల షెడ్డు. అందులో మనిషి నడుమెత్తు గుండ్రటి రంపం, దుంగని మోసుకెళ్ళే ట్రాలీ, ట్రాలీ నడవడానికి పట్టాలు, ఒక ముసలి డీజిలు ఇంజను. రంపం కింద గోతిలో మేక ఈనింది. ఇంజనులో తేనెటీగలు పట్టాయి. పట్టాల కింద చెక్కలని చెదలు తినేశాయి. చిన్నారావు మేకకి వేరే చోటు చూపించాడు, తేనెటీగలకి దణ్ణం పెట్టి పొగపెట్టాడు, చెక్కలన్నీ తీయించి కొత్తవి వేశాడు. బేరింగులు మార్చాడు. రంపం బిళ్ళని తాడుతో దూలానికి వేలాడదీసి, సుత్తితో అక్కడక్కడా తట్టి, చెవి ఆనించి విన్నాడు. ఎక్కడ మొద్దుగా మోగితే అక్కడ ఇంకో దెబ్బ వేశాడు.

తలప్రాణం తోకకొచ్చింది మాత్రం రంపాన్ని పట్టాలకి సరిచూసే దగ్గర. జీవితమంతా సూటిదనానికి దణ్ణం పెట్టిన మనిషి కాబట్టి మొదట పట్టాలకి కచ్చితంగా సమాంతరంగా బిగించాడు. దుంగ సగం తెగేసరికి రంపం వేడెక్కి, కొంకర్లు పోయి, పలకని పాములా కోసింది. చిన్నారావు మొహం మాడిపోయింది. మళ్ళీ విప్పి, మళ్ళీ బిగించి, తుమ్మ దుంగలు తగలేసి, చివరికి తెలుసుకున్నాడు. రంపం ముందు అంచు వెనక అంచు కంటే పిసరంత దుంగవైపు వాలి ఉండాలి. కొత్త పోస్టుకార్డు మందమంత. ఆ పిసరు ఉంటేనే వెనక పళ్ళు చెక్కని రాసుకోవు, కోత సూటిగా వస్తుంది. సూటిగా కొయ్యాలంటే కాస్త వాలి ఉండాలన్న సంగతి ఈ వయసులో తెలిసినందుకు ఆయనకి సంతోషమూ వేసింది, ఉక్రోషమూ వచ్చింది.

మిల్లు సిద్ధమయ్యేసరికి కూతురు నవ్య ఇల్లు మొదలైంది. తెలీబంధా చెరువు అవతల, అల్లుడు ధనుంజయ్ కొన్న స్థలంలో. సింహద్వారానికి ద్వారబంధం తన మిల్లులోనే కోసి ఇస్తానని చిన్నారావు నలుగురిలో మాట ఇచ్చేశాడు. అటవీ డిపోలో వేలం పాడి తెచ్చిన టేకు దుంగ ఒక్కటే ఉంది. అలాంటిది మళ్ళీ దొరకదు. ద్వారబంధం ఎత్తే ముహూర్తానికి కాలనీ మొత్తం వస్తుంది. ఆ గుమ్మం చూసే జనం మిల్లుకి దుంగలు పంపుతారు, లేదా మానేస్తారు.

రేపు దుంగ కొయ్యాలనగా వియ్యంకుడు మల్లేశ్వరరావు వచ్చాడు. ఉక్కు కర్మాగారం ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి. ఇనుమూ వాస్తూ, ఈ రెంటిలోనూ తనని మించినవాడు ఛత్తీస్‌గఢ్‌లో లేడని ఆయన ఉద్దేశం. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట దిక్సూచి ఉంటుంది. మిల్లు మొత్తం తిరిగి, దాన్ని అరచేతిలో పెట్టుకుని రంపం పక్కన నిలబడ్డాడు. మొహం ముడుచుకుంది.

"బావగారూ, బురా మత్ మానియే, ఏమీ అనుకోకండి. మీ పనితనానికి వంక పెట్టను. కానీ దిశ గడ్‌బడ్‌గా ఉంది. దుంగ ఆగ్నేయానికి పోతోంది."

"పోతే ఏటండీ?"

"ఏటండీ అంటారేమిటి? ఆగ్నేయం అంటే అగ్ని. సింహద్వారం చెక్కని అగ్నిలోకి తోస్తారా?"

"తిరిగొచ్చినప్పుడు వాయవ్యానికే వత్తాది కదండీ, ట్రాలీ."

"కోసేది వెళ్ళేటప్పుడే కదా!" అన్నాడు మల్లేశ్వరరావు, పిల్లవాడికి ఎక్కాలు చెప్పినట్టు. "మొత్తం మిషనుని తూర్పుకి తిప్పించండి. లేకపోతే ఈ చెక్క మా ఇంటికి వద్దు."

చిన్నారావు రంపం వైపు చూశాడు. ఇన్నాళ్ళ కష్టం, ఆ పోస్టుకార్డు మందం, అన్నీ విప్పి మళ్ళీ మొదలుపెట్టాలి. ఇంకొకరైతే షెడ్డు బయటికి నడిపించేవాడే. షాపులో పెద్ద ఆఫీసర్లనే ఎదిరించానని చెప్పుకుంటాడు, సాక్షులు లేరు గానీ. ఇక్కడున్నది అబ్బాయి తండ్రి. అబ్బాయి తండ్రి రంపం మీద చెప్పినా, రాకెట్టు మీద చెప్పినా, అమ్మాయి తండ్రి తలూపాలి. ఊపాడు.

ఊపుతూనే ఒకటి గమనించాడు. మల్లేశ్వరరావు ఇంజను దగ్గరికి వెళితే దిక్సూచి ముల్లు ఇంజనువైపు చూసింది. రంపం దగ్గరికి వస్తే రంపంవైపు తిరిగింది. ఉత్తరం పాపం ఎక్కడిది అక్కడే ఉంది. ఇనుము చుట్టూ తిరగడం మాత్రం ముల్లుకి సరదాగా ఉన్నట్టుంది. "చూశారా, ఇక్కడ శక్తి ఎలా లాగుతోందో!" అన్నాడు మల్లేశ్వరరావు.

"రెండ్రోజులు టైమివ్వండి బావగారూ, తిప్పించేత్తాను" అన్నాడు చిన్నారావు.

మర్నాడు మధ్యాహ్నం తాయారమ్మ క్యారియరు పట్టుకుని మిల్లుకి వస్తే, మొగుడు కుర్చీలో కూర్చుని తీరుబడిగా టీ తాగుతున్నాడు.

"ఏటి, మిషను తిప్పాల కదా? ఇలా కూసున్నారు?"

"తిప్పుతున్నాను కదే" అంటూ ఆమె ఫోను తీసుకుని అందులో దిక్సూచి తెరిచాడు. పాత ఇంజనుకి చెందిన ఇనప చక్రం ఒకటి మూల పడి ఉంది. దాన్ని దొర్లించుకుంటూ ఒక చోట పెట్టి ఫోను చూస్తాడు, ఇంకో చోట పెట్టి చూస్తాడు. కాసేపటికి తాయారమ్మకి అర్థమైంది. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

"నిజం సెప్పేత్తే పోయీది కదండీ, ఇనప దగ్గర ముల్లు పని సెయ్యదని."

"అందరి ముందరా? పెద్దమనిషికి తల కొట్టేసినట్టుండదా? రేపు మాట పడేది మనం కాదు, నవ్య."

తాయారమ్మ చక్రం దగ్గరికి నడిచింది. "అయితే ఆ సక్రం అక్కడ కాదు, ఇటెట్టండి. మిట్టమజ్జాన్నం నీడ ఇటుంటాది. ఆయన ఎండలో నిలబడే రకమేటి?" అని, చక్రం మీద గోనెపట్టా కప్పి, పక్కనే కుర్చీ వేసింది.

మల్లేశ్వరరావు వచ్చాడు. గడువు నాటి మధ్యాహ్నం, నీడకే వచ్చాడు. దిక్సూచి తీశాడు. ముల్లు గోనెపట్టా వైపు వినయంగా వంగింది. ట్రాలీ అచ్చంగా తూర్పుకి పోతున్నట్టు తేలింది. షెడ్డు, రోడ్డు, అవతలి టీ దుకాణం, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయని ఆయనకి తోచలేదు. "బిల్కుల్ సహీ! ఇంత తొందరగా ఎలా తిప్పారు బావగారూ?" అన్నాడు.

"మీ ఆశీర్వాదం" అన్నాడు చిన్నారావు, నవ్వాపుకోవడానికి ఇంజనువైపు తిరిగి.

టేకు దుంగ ట్రాలీ ఎక్కింది. రంపం ఒకే శ్రుతిలో పాడింది. ఎక్కడా వేడెక్కలేదు, ఎక్కడా తడబడలేదు. ఊడివచ్చిన పలక మీద చిన్నారావు అరచెయ్యి ఈ చివరినుంచి ఆ చివరికి జరిపాడు. చేతికి ఒక్క గీత తగల్లేదు. ఆయన ఒళ్ళు పులకరించింది. రిటైరైన రోజున దండలు వేసినప్పుడు కూడా అంత గర్వం కలగలేదు. ఆ గర్వంలో సగం మల్లేశ్వరరావు పంచుకున్నాడు. దిశ మార్చగానే రంపం ఎలా పలికిందో దారిపొడవునా ఫోన్లో అందరికీ చెప్పుకుంటూ వెళ్ళాడు.

వడ్రంగి ద్వారబంధం కూర్చేసరికి నెల పట్టింది. ముహూర్తం రోజు పొద్దున్నే తెలీబంధా దగ్గర స్థలం జనంతో నిండిపోయింది. కాలనీ నుంచి నవ్వినవాళ్ళు ఒక్కరూ తప్పకుండా వచ్చారు. టేకు గుమ్మానికి పసుపు రాసి బొట్లు పెట్టారు. దాన్ని చూసినవాళ్ళు వేలితో తట్టి, తల పంకించారు. "మా అబ్బాయి ఇంటికి కూడా సెక్క కొయ్యాల, చిన్నారావూ" అని ఒకాయన అననే అన్నాడు. చిన్నారావుకి కాళ్ళు నేల మీద ఆనలేదు.

పునాది మీద రెండు స్తంభాలు నిలబడి ఉన్నాయి. గుమ్మం వాటి మధ్య నిలబెట్టాలి. నలుగురు ఎత్తారు. కుడివైపు స్తంభానికి గుమ్మం చక్కగా కలిసింది. ఎడమవైపు అర వేలి మందం ముందుకి పొడుచుకొచ్చింది. ఎడమవైపు లోపలికి నెడితే కుడివైపు సందు పడింది. ఇల్లు కడుతున్న మేస్త్రి, మల్లేశ్వరరావు వైపు ఒకసారి చూసి, తర్వాత ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డాడు.

"గుమ్మం వంకర పోయింది" అన్నాడు మల్లేశ్వరరావు.

జనం గుసగుసలాడారు. చిన్నారావు గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. సంచిలోంచి మూలమట్టం తీసి గుమ్మం నాలుగు మూలలా పెట్టాడు. వెంట్రుక దూరే సందు లేదు. ఆ మూలమట్టం అలాగే స్తంభాలవైపు తీసుకెళ్ళబోయాడు.

"స్తంభాలని అనుమానించకండి బావగారూ. కుడిది అప్పటికే ఇంజనీరు గీత మీద లేచిపోయింది, ఎడమదానికి నేనే స్వయంగా గీయించాను. ఇంజనీరు గీత కాస్త తేడాగా ఉందని నాకు మొదటినుంచీ డౌటే. మీ మిల్లులో ఈ దిక్సూచి సత్తా చూశాక ధైర్యం వచ్చింది. ఇదిగో, సరిగ్గా ఇక్కడే నిలబడి చూశాను" అంటూ మల్లేశ్వరరావు కప్పుకి తెచ్చిన ఇనప చువ్వల గుట్ట ఎక్కి, జేబులోంచి దిక్సూచి తీసి అందరికీ చూపించాడు.

చిన్నారావు ఒక అడుగు దగ్గరికి వెళ్ళాడు. ముల్లు చువ్వలవైపు చూస్తోంది. ఆ ముల్లుకి అబద్ధం చెప్పడం నేర్పింది తను. ఆ అబద్ధానికి బిల్కుల్ సహీ అనిపించుకుంది తన షెడ్డులో. ఇప్పుడది తన కూతురి ఇంట్లో సిమెంటు పోసుకుని స్తంభమై నిలబడింది. నిజం చెప్పాలంటే గోనెపట్టా దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. చెబితే ఇంతమందిలో పెద్దాయన తల వాలిపోతుంది, స్తంభం పగులుతుంది, ముహూర్తం పోతుంది. ఆపైన ఈ ఇంట్లో ఆ మావగారికి రోజూ కంచం పెట్టవలసింది నవ్య. చెప్పకపోతే పోయేది ఒక్క మిల్లు పేరు. తాయారమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. అడిగితే మాత్రం ఆమె ఏం చెప్తుంది? చక్రానికి చోటు చూపించింది ఆమే.

ఇందాక చెక్క కొయ్యమన్న ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అవును బావగారూ" అన్నాడు చిన్నారావు. "నా రంపమే వంకర. సరిసేసేత్తాను, ఒక్క పది నిమిషాలు."

వడ్రంగి చేతిలోంచి చిత్రిక తీసుకుని గుమ్మం పక్కన కూలబడ్డాడు. ఎడమ నిలువు చెక్క మీద పెన్సిలుతో గీత గీశాడు. సూటిగా ఉన్నదాన్ని వంకర చెయ్యడానికి కూడా సూటి గీతే కావాలి. ఆ గీత దాకా చెక్కుకుంటూ పోయాడు. టేకు పొట్టు చుట్టలు చుట్టుకుని ఒళ్ళో పడింది. వెనకాల ఎవరో "సైరను" అన్నారు, ఎవరో నవ్వారు. "నామోషీ పడకండి బావగారూ" అని మల్లేశ్వరరావు పెద్ద మనసుతో భుజం తట్టాడు. "వచ్చే వారం నేనే వచ్చి మీ మిషను దిశ మళ్ళీ చూస్తాను. కాస్త జరిగి ఉంటుంది."

"రండి" అన్నాడు చిన్నారావు.

గుమ్మం ఎత్తారు. రెండు స్తంభాలకీ అతికినట్టు కలిసింది. సన్నాయి మోగింది. "ఇప్పుడు చూడండి, ఎంత సూటిగా ఉందో!" అన్నాడు మల్లేశ్వరరావు. జనం చూశారు. అందరికీ సూటిగానే కనిపించింది.

నవ్య అక్షింతల పళ్ళెం పట్టుకుని వచ్చి తండ్రి పక్కన వంగింది. ఆ పిల్ల ఫిట్టరు కూతురు. పలచబడ్డ నిలువు చెక్క చూసింది, ఎడమ స్తంభం చూసింది, సంగతి గ్రహించింది.

"నాన్నా, నీకు బాధగా లేదా?" అంది మెల్లిగా.

"ఉంది" అన్నాడు చిన్నారావు. "సానా ఉంది. నువ్వు లోపలికి నడు, ముహూర్తం దాటిపోద్ది."